రెండువేల అయిదువందల ఇరవై సార్లు ‘ఆగు’

పోయినవాటి లెక్క ముందు చెబుతాను. ఒక్కో బంతికి ముప్పై రెండు గజాల దూరం. పదకొండు వారాల ఉదయాలు. గడ్డి మరక వదలక పాడైన నాలుగు తెల్ల తువ్వాళ్ళు. కోణాలు కొలవడానికి నేను ప్లైవుడ్డుతో చేసుకున్న ఒక కొలతబద్ద. ఒక మంచి మనిషి నాతో మాట్లాడకుండా గడిపిన పందొమ్మిది రోజులు. అతనికి రావలసిన ఉద్యోగం, పద్నాలుగు నెలలపాటు. ఇన్నిటికీ కారణం ఒక్కటే. గోల్ఫ్ కర్రను వెనక్కి ఎత్తేటప్పుడు మనిషి చేతులు ఏం చేస్తాయో కొలిచి తెలుసుకోవాలని నాకు బుద్ధి పుట్టింది.

నేను గోల్ఫ్ ఆడినవాణ్ణి కాను. పదో తరగతి తర్వాత అంబత్తూరులో ఒక చిన్న ఇంజనీరింగు కంపెనీలో చేరి, పదిహేడేళ్ళు తనిఖీ బల్ల దగ్గర కూర్చున్నాను. లేతు మిషను మీద తయారైన ఇనుప ముక్క నా దగ్గరికి వస్తుంది. దాన్ని రాతి పలక మీద పెట్టి, కొలిచి, సరిపోతే పచ్చ చుక్క, సరిపోకపోతే ఎర్ర చుక్క పెడతాను. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. మైలాపూరులో పేవ్‌మెంటు మీద అమ్మే పాత పుస్తకాలు కొని నేనే నేర్చుకున్నాను. కంపెనీ మూతపడ్డాక, తెలిసినవాళ్ళు చెబితే, నగరంలోనే ఒక గోల్ఫ్ క్లబ్బులో ఉద్యోగం దొరికింది. ఆటస్థలంలో కాదు, పక్కనున్న సాధన మైదానంలో. అక్కడ ఆట ఉండదు. ఒకచోట నిలబడి ఎదురుగా బంతులు కొట్టడమే. యాభై గజాలకొక బోర్డు ఉంటుంది. బకెట్టుకు నలభై బంతులు లెక్కపెట్టి ఇవ్వడం, సాయంత్రం ఏరి తెచ్చినవి మళ్ళీ లెక్కపెట్టుకోవడం నా పని. పదకొండేళ్ళు చేశాను. తర్వాత కార్డు పెడితే బంతులు పోసే మిషను వచ్చింది, నేను ఇంటికి వచ్చాను.

ఇప్పుడు చెప్పబోయేది ఆ పదకొండేళ్ళలో నాలుగో ఏడు.

మా క్లబ్బులో ఒక కాడీ ఉండేవాడు. కాడీ అంటే ఆడేవాళ్ళ కర్రల సంచీ మోసేవాడు. అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళు. పదహారో ఏట నుంచీ మోస్తున్నాడు. తొండియార్‌పేటలో ఇల్లు, మాలాగే ఎన్నో తరాలుగా ఈ ఊళ్ళో ఉండిపోయిన తెలుగువాళ్ళు. వాళ్ళది బట్టలు ఉతికే కుటుంబం. క్లబ్బు తువ్వాళ్ళు ఉతికేది అతని అక్కే. ఉదయం పొడి తువ్వాళ్ళ మూట తెచ్చి, తడి తువ్వాళ్ళ మూట పట్టుకుపోయేది. వాషింగ్ మిషను పెట్టుకోమని మేనేజరు ఒకసారి సలహా ఇస్తే, “మిషనుకు గడ్డి మరక తెలవదు సార్, బండకు తెలుసు” అందట.

కాడీలకు ఉదయం ఆరు నుంచి ఆరున్నర వరకు ఒక బకెట్టు బంతులు ఉచితం. చాలామంది ఆ అరగంట నిద్రపోయేవారు. ఇతను మాత్రం ఒక్కరోజూ మానలేదు. విరిగి అతికించిన పాత కర్ర. ఆ కర్రతో అతను కొట్టిన బంతి సగటున రెండువందల నలభై రెండు గజాలు పోయేది. నాకు పనిలేక మూడు నెలలు రాసిపెట్టుకున్న లెక్క అది. ఖరీదైన కర్రలు పట్టుకున్న సభ్యుల్లో ఆ దూరం కొట్టగలిగినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నాకు ఆట తెలియకపోయినా, ఒక పని బాగా జరుగుతున్నప్పుడు వినిపించే చప్పుడు తెలుసు. మంచి లేతు మీద మంచి ఉలి పెట్టినప్పుడు వచ్చే చప్పుడే అతని బంతికీ వచ్చేది.

ఆ ఏడు క్లబ్బులో సహాయ కోచ్ పోస్టు ఒకటి ఖాళీ అయింది. కాడీలలో ఒకరికి ఇస్తామన్నారు. పరీక్ష రెండు భాగాలు. పది బంతులు కొట్టి సగటు రెండువందల ముప్పై గజాలు దాటాలి. తర్వాత, ఎన్నడూ కర్ర పట్టనివాడికి కర్రను వెనక్కి ఎత్తడం ఎలాగో మాటల్లో నేర్పాలి. మొదటిది అతనికి లెక్కలోది కాదు. భయమంతా రెండోదే. సంచీ మోసే రోజుకు సంచీ డబ్బు, మోకాలు నొస్తే ఆ రోజు లేదు. కోచ్ అయితే నెలజీతం. అప్పటికే అతని కుడి మోకాలు మెట్లు దిగేటప్పుడు చప్పుడు చేసేది.

ఒకరోజు నా కౌంటరు దగ్గరికి వచ్చాడు.

“అన్నా, కొట్టేది వస్తాది. ఎట్ల కొట్టినావురా అంటే నోరు రాదు. నా చేతులు ఆడ పైన ఏం చేస్తా ఉండాయో నాకే తెలవదు. నువ్వు లెక్కలోడివి కదా, చూసి చెప్పు.”

“నాకు ఆట తెలీదప్పా.”

“ఆట తెలిసినోళ్ళు శానామంది ఉండారు. వాళ్ళు నా ముఖం చూస్తారు. నువ్వు చెయ్యి చూడు, సాలు.”

ఆ మాటకు నేను పొంగిపోయాను. ఆ ఆదివారమే మైలాపూరు వెళ్ళి, నర్సింగు విద్యార్థులు చదివి అమ్మేసిన శరీరశాస్త్రం పుస్తకం ఒకటి కొన్నాను. వారంలో కండల పటాలన్నీ చూశాను. చూసినకొద్దీ మనిషి శరీరం మీద గౌరవం పెరిగింది. ఆ గౌరవం ఇప్పటికీ తగ్గలేదు కాబట్టి ఆ కాస్తా చెబుతాను.

కుడిచేతివాటం మనిషి కర్రను వెనక్కి ఎత్తుతుంటే, చేతులే ఎత్తుతున్నాయని చూసేవాళ్ళు అనుకుంటారు. చేతుల పని చాలా తక్కువ. మొదటి రెండడుగుల దూరం కర్ర, చేతులు, ఛాతీ ఒకే ముక్కలా కదులుతాయి. ఎడమ చెయ్యి ఛాతీకి అడ్డంగా సాగుతుంది. అది అంతదూరం సాగడానికి, వీపు మీదున్న ఎడమ రెక్క ఎముక పక్కటెముకల చుట్టూ ముందుకు జారాలి. జార్చే కండ చంక కింద, రంపం పళ్ళలా పక్కటెముకలను పట్టుకొని ఉంటుంది. కుడివైపు ఇదే పని తిరగబడుతుంది. వెన్ను పక్కనున్న కండలు కుడి రెక్కను వెనక్కి లాక్కుంటాయి, కుడి మోచేయి మడుచుకుంటుంది, భుజం వెనక అరచేతిలో పట్టేంత కండ ఒకటి చేతిని బయటికి తిప్పుతుంది. హోటల్లో సర్వరు ట్రే ఎత్తి పట్టుకున్నట్టు ఉంటుంది చూడండి, ఆ తిప్పడమే. మణికట్లు బొటనవేలి వైపు విరుచుకొని కర్రను పైకి నిలబెడతాయి. ఇంతసేపూ, ఎడమ నడుము నుంచి చంకదాకా పరుచుకున్న వెడల్పు కండ రబ్బరులా సాగుతూ ఉంటుంది. ఇదంతా ఒక సెకను కన్నా తక్కువలో.

సెకను కన్నా తక్కువలో జరిగేదాన్ని కొలవడం ఎలా? అంబత్తూరులో పదిహేడేళ్ళు నేను కొలిచిన ఏ వస్తువూ కదిలేది కాదు. కదిలేది వస్తే మిషను ఆపించేవాణ్ణి. ఇక్కడా అదే చేశాను.

“పైకి ఎత్తు. ఇంకా. ఆగు.”

అతను చేతులు పైన పెట్టి ఆగేవాడు. నేను ప్లైవుడ్డు బద్ద, దారానికి కట్టిన గుండు పట్టుకొని చుట్టూ తిరిగేవాణ్ణి. భుజాలు తిరిగింది తొంభై రెండు డిగ్రీలు, నడుము నలభై ఒకటి, ఎడమ మోచేతి వంపు పదకొండు. అన్నీ నోటుబుక్కులో ఎక్కేవి.

“దర్జీవాడు నయం అన్నా,” అనేవాడు చేతులు దించకుండానే, “ఒకతూరి కొలిచి సొక్కా అన్నా కుట్టిస్తాడు.”

కొలిచాక కొట్టమనేవాణ్ణి. మొదట బంతి లేకుండా, తర్వాత బంతితో. నలభై సార్లూ ‘ఆగు’ అనేవాణ్ణి. ఒకసారి కోణం కోసం, ఒకసారి కండ ఎక్కడ బిగిసిందో వేలితో నొక్కి చూడటం కోసం, చివరికి అలవాటు కోసం. రెండో వారానికి నేను అనకముందే అతను ఆగడం మొదలుపెట్టాడు. మంచి శిష్యుడని సంతోషించాను.

మూడో వారంలో నా నోటుబుక్కులో సగటు రెండువందల ఇరవై ఆరు ఉంది. ఆరో వారంలో రెండువందల పదిహేడు.

చిన్నవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. అంకె నాకు కనబడింది. కనబడినా నమ్మలేదు. కొత్త బేరింగు వేస్తే మిషను కొన్నాళ్ళు బిగుతుగా తిరుగుతుంది, అదే ఇదని సర్ది చెప్పుకున్నాను. జీవితంలో నేను ఒక అంకెకు సాకు వెతకడం అదే మొదటిసారి. అతను కూడా ఒకసారి, “బంతి ముందు మాదిరి పోలేదే అన్నా” అన్నాడు. “తెలిసి కొడుతున్నావు కాబట్టి. ఇంకొన్నాళ్ళు ఓర్చుకో” అన్నాను. అతను ఓర్చుకున్నాడు. నాలాంటి లెక్కలవాడు తప్పు చెప్పడని అతని నమ్మకం.

పదకొండు వారాలు. వారానికి ఆరు రోజులు, సోమవారం సెలవు. వాన వల్ల పోయినవి మూడు రోజులు. ఉన్నవి అరవై మూడు. రోజుకు నలభై చొప్పున రెండువేల అయిదువందల ఇరవై.

పరీక్ష ఉదయం ఏడున్నరకు. ముగ్గురు కాడీలు పోటీ. ఒక్కొక్కరు అయిదేసి బంతులు, రెండు విడతలు. దూరంలో నిలబడినవాళ్ళు గజాలు అరిచి చెబుతారు, రాసి కూడటం నా పని. పెద్ద కోచ్ కుర్చీలో కూర్చున్నాడు. తమిళుడు, కొంచెమే మాట్లాడతాడు, అన్నీ చూస్తాడు.

ఇతని మొదటి అయిదు ఇలా పడ్డాయి: రెండువందల పన్నెండు, ఎనిమిది, పదిహేను, అయిదు, పది. సరిగ్గా రెండువందల పది సగటు. ఒక్కో బంతికీ పైన ఆగాడు. ఆగడం అందరికీ కనిపించేంతగా ఆగాడు. బెంచీ మీద వచ్చి కూర్చొని, చేతులు వేరేవాళ్ళవి అన్నట్టు వాటివైపు చూసుకున్నాడు. అవతల రెండోవాడు కొడుతున్నాడు, నేను వాడి గజాలు రాస్తున్నాను. నా చెయ్యి మాత్రం బాగానే పనిచేస్తోంది.

అప్పుడు వచ్చింది అతని అక్క, తువ్వాళ్ళ మూటతో. గేటు దగ్గర నుంచే చివరి బంతి చూసినట్టుంది. మూట తెచ్చి బెంచీ మీద దబ్బున వేసింది. కింద నా ప్లైవుడ్డు బద్ద ఉంది. రెండు ముక్కలైంది.

“ఏందిరా తంబీ, పైన చేతులు పెట్టి నిలబడినావే, దేవుడికి మొక్కుకుంటావా?”

“అన్న ఆగమన్నాడు.”

“ఎందుకంట?”

“కొలవాలంట.”

ఆమె నావైపు తిరిగింది. కోపం లేదు, ఆశ్చర్యమే.

“కొలిచేసినాక ఇంక ఆగొద్దని చెప్పలేదా సార్?”

నేను విరిగిన బద్ద ముక్కల్ని మూట కింద నుంచి లాగాను.

ఆమె కౌంటరు పక్క కుళాయి కింద ఒక పెద్ద తువ్వాలు తడిపి, పిండకుండా అతని చేతుల్లో పెట్టింది.

“బండకు కొట్టేటప్పుడు తడి దుప్పటి పైన ఆగిపోతే ఏమవుతాదిరా?”

“మెడకు చుట్టుకుంటాది.”

“నీకు ఎన్నితూర్లు చుట్టుకునింది?”

“రెండుతూర్లు. చిన్నప్పుడు.”

“మూడోతూరి?”

“చుట్టుకోలేదు.”

“మరి? ఇప్పుడు ఎవురు నేర్పిచ్చినారు నీకు చుట్టించుకునేదానికి?” అని, తనే ఇంకో తువ్వాలు తడిపి ఎత్తింది. “చూడు. గుడ్డ ఇంకా పైకి పోతా ఉంటాది. నడుము అప్పుడే బండకాడికి బయలుదేరేసి ఉంటాది. గుడ్డ పైకి చేరినాక తిరుగుదామంటే, అది అయిపోయినట్టే.”

అప్పుడు చూశాను. పదకొండు వారాలు కొలిచి చూడనిది ఒక్క ఊపులో చూశాను. తువ్వాలు కొస ఇంకా ఆమె కుడి భుజం దాటి వెనక్కి పోతోంది. ఎడమ తుంటి అప్పటికే ముందుకు తిరిగింది. ఒకే క్షణంలో ఒక మనిషిలో పైసగం వెనక్కి, కిందిసగం ముందుకు. ఆ మధ్యలో ఎడమ వీపు కండ ఇంకొక్క పిసరు సాగుతుంది, ఆ పిసరులోనే ఉంది బలమంతా. సాగిన కండను వెంటనే వదిలితే ఎదురు తంతుంది. సాగదీసి ఆపితే చల్లబడిపోతుంది. నేను ప్రతిరోజూ నలభై సార్లు దాన్ని చల్లార్చి, చల్లారిన కండకు డిగ్రీలు రాసుకున్నాను. కర్ర వెనక్కి పోవడానికి ఒక చివర ఉంటుందనీ, అక్కడ నిలబెట్టి కొలవవచ్చుననీ నేను అనుకున్నాను. అసలు అలాంటి చివరే లేదు. ఒక భాగం ఇంకా వెళుతుండగానే ఇంకో భాగం తిరిగి వస్తుంటుంది.

అతను తడి తువ్వాలు నాలుగుసార్లు విసిరాడు. మొదటిసారి చెవికి తగిలింది. అక్క నవ్వింది. నాలుగోసారి గాలిలో చటుక్కున చప్పుడు వచ్చింది. పెద్ద కోచ్ తల తిప్పి చూశాడు.

రెండో విడత: రెండువందల ముప్పై ఎనిమిది. నలభై నాలుగు. నలభై ఒకటి. నలభై ఏడు. నలభై అయిదు.

చివరి బంతి రెండువందల యాభై బోర్డు దగ్గరిదాకా పోతుంటే పెద్ద కోచ్ కుర్చీలోంచి లేచాడు. “యారు సొన్నా?” అన్నాడు. ఎవరు చెప్పారు నీకు అని. అతను గేటు వైపు చూపించాడు. అక్క అప్పటికే తడి మూట నెత్తిన పెట్టుకొని వెళ్ళిపోతోంది.

నేను గజాలు కూడాను. మొదటి అయిదు వెయ్యీ యాభై. రెండో అయిదు పన్నెండు వందల పదిహేను. మొత్తం రెండువేల రెండువందల అరవై అయిదు. సగటు రెండువందల ఇరవై ఆరున్నర. కావలసింది రెండువందల ముప్పై. మొత్తం మీద ముప్పై అయిదు గజాలు తక్కువ. పెద్ద కోచ్ కాగితం తీసుకొని చూసి, మళ్ళీ కూడమన్నాడు. కూడాను. మూడోసారీ కూడాను. ఇంతగా తప్పు రావాలని కోరుకొని నేను ఏ కూడికా చెయ్యలేదు. రాలేదు.

“సార్, మొదటి అయిదు బంతులు అతనివి కావు, నావి,” అన్నాను. జరిగింది చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, “నిజమే కావచ్చు. కొట్టింది మాత్రం అతనే కదా” అన్నాడు. అది న్యాయమే. ఇంకో కాడీకి రెండువందల ముప్పై ఒకటి వచ్చింది.

ఉద్యోగం పోయిందని తెలిసి కూడా అతను రెండో భాగానికి నిలబడ్డాడు. కర్ర ఎన్నడూ పట్టని గుమాస్తా ఒకతన్ని ఎదురుగా నిలబెట్టారు. డిగ్రీలు, రంపం పళ్ళ కండ, నేను నూరిపోసిన మాటల్లో ఒక్కటీ అతని నోట రాలేదు. నాలుగు తువ్వాళ్ళు తడిపి ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చి, “దీన్ని మెడకు చుట్టుకోకుండా గడ్డి మీద కొట్టు సార్. అంతే” అన్నాడు. పావుగంటలో ఆ గుమాస్తా బంతిని గాలిలోకి లేపాడు. మార్కుల కాగితంలో ఆ భాగానికి అందరికన్నా ఎక్కువ అతనికే వచ్చాయని నాకు తెలుసు, ఎందుకంటే అదీ నేనే కూడాను.

తర్వాత పందొమ్మిది రోజులు అతను నాతో మాట్లాడలేదు. ఉదయం ఆరుకు వచ్చేవాడు, బకెట్టు తీసుకునేవాడు, కొట్టేవాడు. బంతులు మళ్ళీ రెండువందల నలభై దగ్గర పడుతున్నాయి, ఒక్కోరోజు మాత్రం పైన ఒక్క క్షణం ఆగేవాడు. ఇరవయ్యో రోజు కౌంటరు మీద ఒక తడి తువ్వాలు పెట్టాడు.

“అన్నా, ఎన్నితూర్లు ఆగమన్నావు నన్ను?”

“రెండువేల అయిదువందల ఇరవై.”

“లెక్క పెట్టినావా?”

“పెట్టాను.”

“తెలుసు, పెట్టే ఉంటావు.” మొదటిసారి నవ్వాడు. “అన్నితూర్లూ నువ్వు ఆగకుండా ఊపు. అప్పుడు సరి. ఆగింది లెక్కలోకి రాదు.”

“నేనా? ఈ వయసులోనా?”

“నా మోకాలికి మాత్రం పదహారేళ్ళా?”

“ఎవరు చూసి లెక్క పెడతారు?”

“నువ్వే పెట్టు. నీ లెక్క మీద నాకు నమ్మకం ఉండాది అన్నా. కొలత మీదే లేదు.”

పద్నాలుగు నెలల తర్వాత, ఉద్యోగం దక్కినవాడు బెంగళూరు వెళ్ళిపోయాడు. పెద్ద కోచ్ ఈసారి పరీక్ష పెట్టలేదు. ఇతన్ని పిలిచి, తువ్వాళ్ళు తెచ్చుకోమన్నాడు. ఇప్పుడు ఆ మైదానానికి వెళితే, పెద్ద పెద్ద ఆఫీసర్లు వరుసగా నిలబడి తడి తువ్వాళ్ళు విసురుకోవడం చూడవచ్చు. కొత్తవాళ్ళకు మొదటి వారం మెడ తడవక తప్పదు. ఆ తువ్వాళ్ళు ఉతికేది ఇప్పటికీ ఆమే. తమ్ముడి శిష్యుల్ని గేటు దగ్గర నిలబడి చూసి, ఎవరికి ఎప్పుడు వస్తుందో ముందే చెబుతుందట. నేను విన్నంతవరకు తప్పలేదు.

నేను ఇంట్లో ఉంటున్నాను. మిద్దె మీద, పొద్దున, తడి తువ్వాలుతో ఊపుతాను. మొదటి ఏడాది నాకు లెక్కలోకి వచ్చినవి పందొమ్మిది మాత్రమే. నాకు పైకి చేరాక ఒకసారి సరిచూసుకునే అలవాటు. తనిఖీ బల్ల వదిలినా చేతులు వదల్లేదు. ఈమధ్య మంచిరోజున మూడు, నాలుగు వస్తున్నాయి. వచ్చినప్పుడు తెలుస్తుంది. చేతులు ఇంకా వెనక్కి పోతుంటాయి, తుంటి నన్ను అడగకుండా బయలుదేరుతుంది, ఎడమ రెక్క కింద ఏదో సాగి వదులుతుంది, చటుక్కుమంటుంది. దానికి డిగ్రీలు రాయడం మానేశాను. ఒక గీత గీస్తాను, అంతే.

వారం క్రితం అతను ఫోన్ చేసి అడిగాడు, ఎంత అయిందని. చెప్పాను. ఒక్క గీత కూడా తగ్గించలేదు, నేనూ అడగలేదు. ఆ రోజు నుంచి భుజం నొప్పి వల్ల ఒక్కటీ కుదరలేదు కాబట్టి ఆ అంకె అలాగే ఉంది. అయినవి పద్దెనిమిది వందల డెబ్భై నాలుగు. ఇంకా బాకీ ఆరువందల నలభై ఆరు.